గడియ లోపలి వైపు

మనీషకు పదిహేనేళ్లు నిండిన మర్నాడు పొద్దున ఆమె గది ఇంటి నుంచి ఒక జాన దూరం జరిగి ఉంది. హాల్లోని షాబాదు బండలు ఒకచోట ఆగిపోతాయి. తర్వాత జానెడు మట్టి. ఆ తర్వాత గది బండలు మొదలవుతాయి. చీమలు అప్పుడే ఆ మట్టి మీద బాట వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాయి.

సమ్మయ్య గొంతుక్కూర్చుని చేత్తో కొలుస్తాడు. సరిగ్గా జానెడే. అతను మనీష తండ్రి. జమ్మికుంటలో ఇరవై రెండేళ్లుగా టెంట్ హౌస్‌లో పని చేస్తున్నాడు. గుంజలు పాతడం, పందిరి గుడ్డ లాగి కట్టడం, చుట్టూ పరదాలు బిగించడం, పెళ్లయ్యాక అన్నీ విప్పి మడతపెట్టడం అతని పని. సమ్మయ్య వేసిన ముడి గాలివానకు కూడా జారదని ఊళ్లో పేరు. ఎవరైనా ఆ మాట అంటే వినబడనట్టు మొహం పెట్టి ఇంకోసారి అనిపించుకుంటాడు.

"గది జరిగింది" అంటాడు భార్యతో.

రజిత కుట్టుమిషను ముందు కూర్చుని బడి పిల్లల చొక్కాలు కుడుతోంది. తల ఎత్తదు. "పదిహేనేండ్లొచ్చినయ్ గదా. జరుగుతది."

"ఎంత దూరం పోతది?"

"పక్కింటి సువర్ణక్క బిడ్డ గది ఏడాదిల రైలు గేటు దాటింది. గేటు దాటితే ఇగ తిరిగి రాదట. సైకిల్ మీద అన్నం డబ్బా పంపుతున్నరు, చూస్తలేవా?"

అతను రోజూ చూస్తూనే ఉన్నాడు. డబ్బా నిండుగా వెళ్లి ఖాళీగా తిరిగొస్తుంది. దాంతోపాటు ఒక్క మాట కూడా రాదు. సువర్ణ ఆ డబ్బా మూత తీసి లోపలికి చూసి మళ్లీ మూత పెడుతుంది. అది తలుచుకుని సమ్మయ్య మట్టి మీద ఇంకోసారి జాన పెట్టి చూస్తాడు. ఉన్నది ఒక్క కూతురు. ఆ పిల్ల గది గేటు దాటకూడదు. అతనికి కావలసింది అంతే.

దాన్ని గది అనడం కూడా వాళ్ల మంచితనమే. నిన్నమొన్నటి దాకా అందులో బియ్యం బస్తాలు, పాడైన కూలరు, టెంట్ హౌస్ వాళ్లు వద్దన్న విరిగిన కుర్చీలు ఉండేవి. ఇల్లు కట్టేటప్పుడు దర్వాజ చట్రం బిగించే దాకా వచ్చి చేతిలో డబ్బు అయిపోయింది. ఆ చట్రానికి తొమ్మిదేళ్లుగా రజిత పాత చీర వేలాడుతోంది. చీర మీది పూలు కూడా ఈ మధ్య వాడిపోతున్నాయి.

సమ్మయ్య ఆ జానెడు మట్టి దాటి లోపలికి వెళతాడు. మనీష మంచం మీద బోర్లా పడుకుని లెక్కలు చేస్తోంది. ఈ ఏడు పదో తరగతి. పొడుగు చేతులు, పొడుగు జడ, మాట మాత్రం పొట్టి.

"గది మంచిగ చేద్దాం బిడ్డా. ఖర్చు ఎక్కువ గాకుండ నేనే చేస్త. లైట్లు పెడుదాం, పరదాలు కడుదాం. నీకేం గావాలె చెప్పు."

"తలుపు."

"తలుపు కాకుండ?"

మనీష పెన్ను మూత పెట్టి, అతనికి అన్యాయం జరగకుండా కాసేపు ఆలోచిస్తుంది. "తలుపు కాకుండ ఏదైనా నీ ఇష్టం బాపు."

తలుపుకు కట్టె కొనాలి, కట్టె ధర మండిపోతోంది. సమ్మయ్య బయటికి చెప్పుకునే కారణం అది. ఇంకోటి ఉంది, అది తనకు తాను కూడా చెప్పుకోడు. తలుపంటే మూసుకునేది. మూసుకున్న పిల్ల మళ్లీ తెరుస్తుందని నమ్మకమేమిటి? పైగా టెంట్ల పనిలో తలుపు అన్నదే లేదు. ఇరవై రెండేళ్లలో అతను కట్టినవన్నీ ఎవరైనా ఎటునుంచైనా రాగలిగినవే.

ఆ సాయంత్రానికి గది ఇంకో రెండు జానలు జరుగుతుంది. ఎవరికీ కుదుపు కూడా తెలియదు.

మర్నాడు అతను సెలవు పెట్టి సున్నం తెచ్చి, అందులో ఇంత నీలిమందు కలిపి వేస్తాడు. మూడు గోడలు తెల్లగా మెరుస్తాయి. నాలుగో గోడ తనకు వద్దని అటు తిరిగి నిలబడుతుంది. సమ్మయ్య దాన్ని బతిమాలి చూస్తాడు గానీ బలవంతం చెయ్యడు. ఈ వయసులో గోడల్ని బలవంతం చేస్తే మాట పడిపోతుందని రజిత ముందే చెప్పింది.

తర్వాత టెంట్ హౌస్ నుంచి పాత సామాను మోసుకొస్తాడు. అంచు చిరిగిన ఎర్ర పరదాలు, వెలిసిపోయిన పసుప్పచ్చ పందిరి గుడ్డ, రెండు మాలల సీరియల్ లైట్లు, ఒక జంపఖానా. ఇంకా పెళ్లికొడుకు కూర్చునే సింహాసనం కుర్చీ. దాని ఒక చేతికి సింహం ఉంది, రెండో చేతి సింహం ఎప్పుడో మానేసి వెళ్లిపోయింది.

జంపఖానా పరిస్తే అందులోంచి ముప్ఫై ఇద్దరు చుట్టాలు లేచి కూర్చుంటారు. ఏదో పెళ్లిలో దాన్ని తొందరగా చుట్టేసినప్పుడు లోపల ఉండిపోయినవాళ్లు. మర్యాదస్తులు. మనీష లెక్కలు చేసుకుంటూ అటూ ఇటూ నడుస్తుంటే కాళ్లు దగ్గరకు ముడుచుకుంటారు.

"పప్పు వచ్చిందా బిడ్డా?" అని ముందు వరసలో ఉన్న ముసలాయన అడుగుతాడు.

"ఇంక రాలే తాతా."

"పర్వాలేదు, కూసున్నం."

సమ్మయ్య పందిరి గుడ్డను పైకప్పు కింద లాగి కడతాడు. గంట గడవకముందే గుడ్డ మధ్యలో బరువు దిగి జారుతుంది. పెళ్లిలో వాన పడితే ఇలాగే నీళ్లు నిలుస్తాయి, కింది నుంచి కర్రతో పొడిచి ఒలకబొయ్యాలి. అతను అలవాటుగా కర్ర అందుకుంటాడు. అయితే నిలిచింది నీళ్లు కాదు. ఒక చిన్న మబ్బు, లేగదూడంత ఉంటుంది, గుడ్డలో ముడుచుకుని పడుకుంది.

"పొడవకు బాపు" అంటుంది మనీష. "దాన్ని ఉండనీ."

అతను కర్ర పక్కన పెడతాడు. చాలా రోజుల తర్వాత కూతురు తనను ఏదో అడిగిందని అతనికి సంతోషం. అది చేయడం కాదు, చేయకపోవడమే అయినా సరే.

శుక్రవారానికి గది పెరడు దాటి సందులోకి వచ్చేస్తుంది. అన్నానికి పిలవాలంటే సమ్మయ్య చెప్పులు వేసుకుని నడవాలి. ఇక లాభం లేదని టెంట్ హౌస్ నుంచి మంచి నూలు తాళ్లు తెస్తాడు. దర్వాజ చట్రానికి నాలుగు వైపులా ముడి వేసి, ఆ తాళ్లను తెచ్చి ఇంటి వెనక నీళ్ల ట్యాంకు దిమ్మెకు బిగిస్తాడు. కాలు తన్నిపెట్టి, ఒళ్లంతా వాల్చి, ఊళ్లో పేరున్న తన ముళ్లు వేస్తాడు. ఒక్కో ముడి మీద చెయ్యి వేసి మెత్తగా తట్టి లోపలికి వస్తాడు.

పొద్దున చూస్తే తాళ్లు తెగలేదు. చక్కగా విప్పి, చుట్టచుట్టి, దిమ్మె పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పెళ్లయిపోయిన మర్నాడు తను పేర్చినట్టే ఉన్నాయి. గది సందు చివర పాల కేంద్రం పక్కన ఉంది.

సమ్మయ్య ఆ తాళ్ల ముందు చాలాసేపు కూర్చుంటాడు. అతని ముడి జారడం ఇదే మొదటిసారి. ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూస్తాడు గానీ, నిజానికి బాధ పరువుది కాదు. అతనికి తెలిసిన పని ఇదొక్కటే. దీంతో కూడా కూతుర్ని ఆపలేకపోతే ఇంక అతని దగ్గర ఏమీ లేదు.

అయినా పని మానడు. చిరుగు కనబడకుండా పరదాలకు కుచ్చులు పెడతాడు. గుమ్మానికి ఉన్న పాత చీర తీసేసి, లైట్లను చుట్టూ మూడు వరసలు తిప్పుతాడు. అరటి పిలకలు లేవు గనుక రెండు చీపురు కట్టలకు ఆకుపచ్చ కాగితం చుట్టి అటొకటి ఇటొకటి నిలబెడతాడు. నడిచిపోయే గదిని అలంకరించడం తేలిక కాదు. ఒక మేకు కొట్టి ఇంకో మేకు తీసేలోపు గది నాలుగడుగులు వేసి ఉంటుంది, వెనకే సుత్తి పట్టుకుని ఉరకాలి. ఆదివారం మధ్యాహ్నం పత్తి మార్కెట్ ముందు పని పూర్తవుతుంది. అతను పది అడుగులు వెనక్కి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తాడు. కళ్లు చెదిరిపోయేలా ఉంది. దారిన పోయేవాళ్లు ఆటోలు ఆపి చూస్తున్నారు. జంపఖానా మీది చుట్టాలు వాళ్లకు జరిగి చోటిస్తున్నారు.

"ఎట్లున్నది బిడ్డా?" అని కేకవేస్తాడు.

"నీ దిక్కు నుంచి మంచిగున్నది బాపు."

"నీ దిక్కు నుంచి?"

"వచ్చి కూసో."

సమ్మయ్య ఇరవై రెండేళ్లలో ఎన్ని స్టేజీలు కట్టాడో లెక్క లేదు. ఒక్కదాని మీదా కుదురుగా కూర్చోలేదు. ఎక్కడం, సరిచెయ్యడం, దిగడం, అంతే. ఇప్పుడు చెప్పులు విప్పి గుమ్మం దాటుతాడు. తీరా చూస్తే చెప్పులు ఇంకా కాళ్లకే ఉన్నాయి. మళ్లీ విప్పుతాడు. మూడోసారికి అవి మాట వింటాయి. మంచం అంచున కూతురి పక్కన కూర్చుని, గుమ్మం వైపు మొహం తిప్పుతాడు.

అక్కడ అలంకారం లేదు. పరదాల తిరగవైపు ఉంది. కుచ్చుల వెనక గుచ్చిన పిన్నీసులు, వెదురు బద్దలు, అతుకులు, టెంట్ హౌస్ వాళ్లు రంగుతో వేసిన నంబర్లు, వందల కొద్దీ ముళ్లు. లైట్ల వెలుగంతా అటే పడుతోంది, ఇటు వైర్లు మాత్రమే వేలాడుతున్నాయి. వీటన్నిటి మధ్యలో తెరిచి ఉన్న గుమ్మం. ఆ గుమ్మంలోంచి పత్తి మార్కెట్ మొత్తం లోపలికి చూస్తోంది. కూరగాయల బండివాడు చూస్తున్నాడు. ఆటోలో నలుగురు చూస్తున్నారు. చుట్టాలు ముప్ఫై ఇద్దరూ ఇటే తిరిగి కూర్చున్నారు.

టెంటు పనివాడికి తప్ప ఇంకొకరికి ఈ పొరపాటు జరగదు. అతను ఎప్పుడూ చూసేవాళ్ల కోసమే కట్టాడు. లోపల కూర్చునేవాళ్లకు ఏం కనబడుతుందో ఒక్కసారీ చూడలేదు. అతనికి సిగ్గేస్తుంది, ఆ తర్వాత ఏడుపొస్తుంది. ఆ రెండూ మింగి, ముళ్ల వైపు చూస్తాడు.

అప్పుడు గమనిస్తాడు. ప్రతి ముడికీ ఏదో ఒకటి వేలాడుతోంది. జడ రబ్బరు. బస్సు పాసు. రీఫిల్ అయిపోయిన పెన్ను. జాతరలో కొన్న ప్లాస్టిక్ గాజు. తను ఎప్పుడో పారేసుకున్న బీడీల అగ్గిపెట్టె కూడా.

"ఇది నవ్వుకుంట కట్టినవ్" అని మనీష ఒక ముడి చూపిస్తుంది. "ఇది నాతోని కోపం మీద కట్టినవ్, చూడు ఎట్ల బిగిసిందో. ఇది అన్నం తినకుండ కట్టినవ్."

"నీకెట్ల తెలుసు?"

"రోజంత వీటినే చూస్త గదా. ముళ్లు మంచిగనే ఉన్నయ్ బాపు. అందరు చూసుడే మంచిగ లేదు."

సమ్మయ్య లేస్తాడు. ఇప్పుడు చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోతాడు. వట్టి కాళ్లతో టింబర్ డిపోకు నడుస్తాడు. డిపో నడిపే ఓదెలు రంపప్పొట్టు మధ్య కూర్చుని చాయ్ తాగుతున్నాడు. సమ్మయ్య తన దగ్గర ఎంత ఉందో చెప్పి, దానికి తలుపు వస్తుందా అని అడుగుతాడు.

"గడియ వస్తది" అంటాడు ఓదెలు. "కట్టె నువ్వే తెచ్చుకోవాలె. ఏ కట్టెయినా పర్వాలేదు గని మంచిగ ఎండి ఉండాలె. ఇరవై ఏండ్లు ఎండల నిలబడ్డదైతే మస్తు. వంగదు, పగలదు."

ఇరవై రెండేళ్లుగా ఎండలో నిలబడ్డది తనేనని సమ్మయ్య ముందుకొచ్చి నిటారుగా నిలబడతాడు. ఓదెలు చాయ్ గ్లాసు కింద పెట్టి, టేపు తీసి, సమ్మయ్యను తల నుంచి మడమ దాకా కొలుస్తాడు. "రెండంగుళాలు తక్కువున్నవ్. కింద సందుంటది. గాలి ఆడుతది, మంచిదే. చేతులు చాపు." చాపుతాడు. "వెడల్పు సరిపోయింది. ఒక్కటే జాగ్రత్త సమ్మన్నా, తడవొద్దు. కట్టె తడిస్తే ఉబ్బుతది. ఉబ్బితే తలుపు మూసుకోదు."

అతను గడియ, తలుపు తిరగడానికి రెండు బందులు జేబులో వేసుకుని ఇంటికి ఉరుకుతాడు. రజిత విషయమంతా విని మిషను ఆపుతుంది. సుద్ద ముక్క, స్క్రూడ్రైవరు తీసుకుని అతని వెంట బయల్దేరుతుంది.

గది రైలు గేటు దగ్గర ఉంది. గూడ్సు బండి వస్తోందని గేటు వేశారు. లారీలు, ఎడ్లబండ్లు, ఒక స్కూలు వ్యాను, వాటి మధ్య మనీష గది, అన్నీ వరసలో నిలబడి ఉన్నాయి. గదికి తొందరగా ఉన్నట్టుంది, గోడలు సన్నగా అదురుతున్నాయి. బండి పోయేదాకానే టైముంది.

సమ్మయ్య దర్వాజ చట్రంలో నిలబడి, వీపు లోపలికి, మొహం బయటికి పెట్టి చేతులు చాపుతాడు. రజిత అతని ఎడమ భుజం మీద, నడుం మీద సుద్దతో గుర్తులు పెడుతుంది. బట్ట మీద పెట్టినట్టే పెడుతుంది. బందులు ఆనించి స్క్రూలు తిప్పుతుంది.

"నొస్తాందా?"

"లేదు."

"మన పెండ్లిల నువ్వు మధ్యల లేచి పోయినవ్, యాదికున్నదా? ఎవరో కట్టిన పరదా జారిందని."

"కట్టొచ్చిన గదా."

"కట్టొచ్చినవ్. నువ్వొచ్చేదాక నేనొక్కదాన్నే కూసొని వెనక ముళ్లు లెక్కబెట్టిన. నలభై ఒకటి." ఆమె లోపలికి వెళ్లి గడియను అతని వీపు మీద, రెండు భుజాల మధ్య బిగించి, కూతురి తల మీద చెయ్యి వేసి బయటికొస్తుంది. "ఒక్కటి గూడ జారలే" అంటుంది అతని మొహంలోకి చూసి.

జంపఖానా మీది చుట్టాలు ఒక్కొక్కరే లేస్తారు. తలుపున్న గదిలో పిలవకుండా కూర్చోవడం పద్ధతి కాదట. ముసలాయన రజితకు దండం పెట్టి, పప్పు సంగతి ఇంకోసారి చూద్దామని చెప్పి, అందరినీ వెంటబెట్టుకుని ఊళ్లోకి నడుస్తాడు.

గూడ్సు బండి పోతోంది. నలభై పెట్టెలు, యాభై పెట్టెలు. ఆ చప్పుడులో వెనక నుంచి మనీష గొంతు వినిపిస్తుంది.

"బాపు, గడియ పెట్టుకోవచ్చా?"

ఇన్నాళ్లూ అతను భయపడింది ఈ మాటకే. గొంతు తడారిపోతుంది. అది మంచిదేనని, తడవొద్దన్నారు కదా అని అనుకుంటాడు.

"పెట్టుకో బిడ్డా. నీ తలుపే."

గడియ జరుగుతుంది. వీపు మధ్యలో చల్లగా, సూటిగా దాని చోటులోకి వెళ్లి కూర్చుంటుంది. ఆఖరి పెట్టె దాటిపోతుంది, గేటు లేస్తుంది, గది పట్టాల మీదుగా అవతలికి నడవడం మొదలుపెడుతుంది. సమ్మయ్య మొహం ఊరి వైపే ఉంది. గేటు దగ్గర స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడ్డ రజిత చిన్నగా అయిపోతుంది. తర్వాత గేటు చిన్నగా అవుతుంది. తర్వాత జమ్మికుంట మొత్తం ఒక చొక్కా గుండీ అంత అవుతుంది. అతను చేతులు చాపి అలాగే నిలబడతాడు. వెనక ఏ చప్పుడూ లేదు. మూసుకున్న గదిలో ఏం జరుగుతోందో తలుపుకు తెలియదు.

రెండు వైపులా పత్తి చేలు మొదలవుతాయి. ఎంతసేపు గడిచిందో మరి, వీపు మీద వేళ్లు తగులుతాయి. గడియ వెనక్కి జరుగుతుంది. అతను భుజం మీద తిరుగుతూ లోపలికి తెరుచుకుని, వెళ్లి గోడకు ఆనుకుంటాడు. తలుపు పూర్తిగా తెరుచుకుంటే దాని మొహం గదిలోకి ఉంటుందని అతనికి అప్పుడే తెలుస్తుంది.

గదంతా కనబడుతుంది. మనీష పరదాలన్నీ విప్పి, మంచి వైపు లోపలికి వచ్చేలా తిప్పి కట్టుకుంది. ఎర్ర కుచ్చులు, లైట్లు ఇటున్నాయి. ముళ్లు అన్నీ అతనివే, ఒక్కటి కూడా పారెయ్యలేదు. వాటిని గోడ పొడవునా వరసగా మళ్లీ కట్టి, దేనిది దానికి తగిలించింది. వద్దని తిరిగి నిలబడ్డ నాలుగో గోడ కూడా ఎప్పుడో ఇటు తిరిగింది. సింహాసనం కుర్చీకి లేని సింహం వచ్చి కూర్చుని కాలు నాక్కుంటోంది.

"ఎందుకు తీసినవ్ బిడ్డా?" అంటాడు.

"గడియ ఉన్నది గదా, అందుకే తీసిన" అంటుంది మనీష. "లేకపోతే ఏం తీస్త?"

పందిరి గుడ్డలోని మబ్బు కళ్లు తెరుస్తుంది. సన్నగా తుంపర పడుతుంది, మబ్బుదో, సమ్మయ్య కళ్లదో చెప్పడం కష్టం. ఇరవై రెండేళ్లు ఎండిన కట్టె ఒక్కసారిగా నీళ్లు తాగుతుంది. భుజాలు ఉబ్బుతాయి, అంచులు ఉబ్బుతాయి. గాలికి తలుపు ముందుకు ఊగి, చట్రానికి తగిలి, పట్టక వెనక్కి వస్తుంది. మనీష అరచేత్తో మెల్లగా తోసి చూస్తుంది. మూసుకోదు.

"తడవద్దన్నడు ఓదెలు" అంటాడు సమ్మయ్య తప్పు చేసినవాడిలా.

"ఎండేదాక తెరిచే ఉండనీ బాపు. తొందరేం లేదు."

ఆమె మంచం మీద బోర్లా పడుకుని లెక్కల పుస్తకం తెరుస్తుంది. గది పత్తి చేల మధ్య నడుస్తోంది. అంతలో బయటి నుంచి టకటకమని కుట్టుమిషను చప్పుడు వినిపిస్తుంది. సమ్మయ్య మొహం లోపలికి ఉంది, అతనికి కనబడదు. మనీష తల ఎత్తి గుమ్మంలోంచి చూస్తుంది.

"అమ్మ వస్తాంది" అని చెబుతుంది. "హాలంత వస్తాంది. షాబాదు బండలు, నీళ్ల ట్యాంకు, నీ తాళ్లు అన్ని వస్తున్నయ్. అమ్మ మిషన్ తొక్కుతాంది, ఇల్లు నడుస్తాంది. నడుమ మట్టిని కుట్టుకుంట వస్తాంది."

"ఎంత దూరంల ఉన్నది?"

మనీష ఒక కన్ను మూసి, చేతిని గుమ్మం వైపు చాపి, వేళ్లు వెడల్పు చేసి కొలుస్తుంది. "జానెడు" అంటుంది.